నిమిషానికి రెండు లీటర్లు

నిన్న సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలకు మా మనవరాలు లెక్కల నోటు తెచ్చి నా ముందు పెట్టింది. ఎనిమిది మంది ఒక గోడను పన్నెండు రోజుల్లో కడితే, ఆరుగురు ఎన్ని రోజుల్లో కడతారు? తొమ్మిది అని రాసింది. "మనుషులు తగ్గితే పని తొందరగా అయిపోతాదేటమ్మా?" అన్నాను. అది నా ప్రశ్న కాదు, మా అన్నయ్యది.

అన్నయ్య రైల్వే వర్క్‌షాపులో గ్యాస్ వెల్డర్. డ్యూటీ దిగి టీ తాగాక, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్ వరండాలో నన్నూ ఇరుగుపొరుగు పిల్లల్నీ కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవాడు. ముందు సుద్దతో గచ్చు మీద రెండు బాణాలు గీయించేవాడు. ఒకటి పెరిగితే రెండోదీ పెరిగేదయితే రెండూ పైకి. ఒకటి పెరిగితే రెండోది తగ్గేదయితే ఒకటి పైకి, ఒకటి కిందికి. బాణాలు గీయకుండా గుణించడానికి దిగినవాడి పలక లాక్కునేవాడు. అనులోమం, విలోమం అన్న పేర్లు ఆ తర్వాత ఎప్పుడో వచ్చేవి. పనివాళ్ళ లెక్కలంటే ఆయనకు నవ్వు. "ఇద్దరు కలిస్తే పని సగం రోజుల్లో అయిపోతాదని రాసినోడు మా షాపుకి రాలేదురా. అక్కడ ఇద్దరు కలిస్తే కబుర్లు రెట్టింపవుతాయి" అనేవాడు.

రిటైరై, సెటిల్‌మెంట్ పక్కనే అద్దె ఇంటికి మారిన కొన్నేళ్ళకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. రాత్రింబవళ్ళు ఆక్సిజన్ పెట్టమన్నాడు డాక్టరు, నిమిషానికి రెండు లీటర్లు. ఆ లెక్కన సిలిండర్ పన్నెండు గంటలు వచ్చేది. ఇంట్లో రెండు ఉండేవి. ఒకటి నడుస్తుంటే ఖాళీ అయినదాన్ని వదిన టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, పెట్టుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నింపించుకొచ్చేది. ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి, గోడ పట్టుకుని మెట్టు దిగేది. ఊరికి అటుపక్క ఉండే నేను వస్తానంటే, "రోజుకి రెండుసార్లు సుభాష్‌పల్లి నుంచి నువ్వేటి వస్తావు బాబూ" అనేది. సిలిండర్‌ను మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు అన్నయ్య. మంచం పక్కన పెట్టించుకుని తానే తగిలించుకునేవాడు, తానే నాబ్ తిప్పుకునేవాడు.

ఆదివారాలు వెళ్ళి గేజీ చూసేవాణ్ణి. ముల్లు ఎంత పడితే లోపల గ్యాస్ అంత తగ్గినట్టు. నిండుకు నూటయాభై, సగానికి డెబ్బై ఐదు. ఒక ఆదివారం, ఉదయం ఆరింటికి కొత్త సిలిండర్ మార్చారని వదిన చెప్పింది. నేను చూసింది మధ్యాహ్నం పన్నెండింటికి. ముల్లు సగం దగ్గర ఉండాల్సింది, నూటపదిహేను మీద ఉంది. ఈసారి బాగా నింపారని సంతోషించాను. కుర్చీలో కూర్చున్నాక, అలవాటు కొద్దీ మనసులో బాణాలు గీశాను. గ్యాస్ అంతే, గంటలు పెరుగుతున్నాయి. అలాగైతే రెండో బాణం, నిమిషానికి వదిలే గ్యాస్‌ది, కిందికే ఉండాలి. లేచి, నిమిషానికి ఎన్ని లీటర్లు పోతోందో చూపే ఫ్లోమీటర్ చూశాను. గాజు గొట్టంలో గోలీ రెండు దగ్గర కాదు, ఒకటి అంకె దగ్గర తేలుతోంది.

వదిన వంటింట్లో ఉంది.

"నాబ్ ఎవరు తిప్పినారు?" అన్నాను.

"నేనే." మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. "బతుకంతా సిలిండర్లు విప్పినోణ్ణి. నాకు నేర్పుతావేటి?"

"డాక్టరు రెండన్నాడు కదా."

"డాక్టరు మీ వదిన మోకాళ్ళు సూసినాడేటి? ఒకటి మీద పెడితే, అది రోజుకొక్కసారి ఎల్తే సాలు. లెక్క తప్పా?"

లెక్క తప్పు కాదు.

"ఊపిరాడొద్దా అన్నయ్యా?"

"సరిపెట్టుకుంటన్నాను. దానికి సెప్పకు."

షాపులో పనికి కావలసినదానికన్నా ఎక్కువ గ్యాస్ వదిలితే దుబారా. తన ఊపిరి దగ్గరా ఆయన ఆ పద్ధతే పాటించాడు. నేను నాబ్ మళ్ళీ రెండుకు తిప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. వదినకు చెప్పలేదు. ఆయన వద్దన్నాడు కాబట్టి చెప్పలేదని చాలాకాలం అనుకున్నాను. ఆమె రెండోసారి టోటో ఎక్కకుండా ఉంటే బాగుండునని నాకూ ఉంది.

తర్వాతి ఆదివారం గోలీ మళ్ళీ ఒకటి దగ్గరే ఉంది. మళ్ళీ తిప్పాను. ఆ గురువారం అన్నయ్య పోయాడు.

పదకొండో రోజు వదిన చుట్టాలతో అంది: "ఆఖర్న బాగా తేరుకున్నారు. రోజుకొక్క సిలిండరే సరిపోయేది. నా కాళ్ళు సూసి దేవుడే దయ తలిసినాడు." నావైపు తిరిగింది. "కదా బాబూ?"

అవునన్నాను.

ఏడాది దాటింది. రోజులు గడిస్తే, నాబ్ తగ్గించింది అన్నయ్యేనన్న మాట ఆమెకు చెప్పడం సులువవుతుందనుకున్నాను. కాలేదు. ఆదివారాలు వదిన ఇంటికి వెళ్ళడం మానేశాను.