రండి, ఇది మా అందరి సంబరం

“...అంటే రండి అని పిలిచి, గుమ్మంలోనే ‘ఇది మీది కాదు’ అని చెప్పినట్టు కాదూ?” అంటోంది మైకమ్మ. “‘మా’ ఏమిటక్కా, ‘మా’! ‘మన’ అని కదా నేను చెప్పింది!”

టైలరక్క నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి జవాబు చెప్పే బాధ తప్పింది. బల్ల మీద బ్యానరు పరిచి ఉంది. మూరెడేసి అక్షరాలు, ఒక్కొక్కటి ఒక్కో రంగు గుడ్డ, అంచుల వెంట దట్టమైన కుట్టు. ‘రండి! ఇది మా అందరి సంబరం.’

తప్పు తనదేనని టైలరక్కకు తెలుసు. పుట్టింటి భాషలో రెంటికీ ఒకటే మాట. ఎదుటివాళ్ళని కలుపుకున్నా అదే, పక్కన పెట్టినా అదే. ‘మా’, ‘మన’ అత్తగారింటికొచ్చాక నేర్చుకున్నవి, తొందరలో ఇప్పటికీ తారుమారవుతాయి. కొత్తలో ఒకసారి పక్కింటావిడతో, “మన ఆయన ఇంకా రాలేదండీ” అంది. ఆవిడ ఈనాటికీ కనబడితే చాలు, “మన ఆయన బాగున్నారా?” అని పరామర్శిస్తుంది.

ముగ్గురు స్నేహితులూ కలిసి పెట్టిన వ్యాపారం ఇది. ఆదివారాలు పార్కు పచ్చిక మీద భాషకొక చాప. టికెట్టు కొన్నవాళ్ళు ఒక చాప మీద జోలపాట విని, ఇంకో చాప మీద ఆట నేర్చుకుని, మూడో చాప మీద తిట్లు కూడా నేర్చుకుని, మనుషులంతా ఒకటేనని తెలుసుకుని ఇళ్ళకు పోవాలి. ఇంత పెద్ద ఆశయం కాబట్టి పని సమానంగా పంచుకున్నారు. బడిలో పంతులమ్మ ఉద్యోగం మానేసిన మైకమ్మ మాట్లాడుతుంది. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే కెమెరా ఫొటోలు తీస్తాడు. మిగిలిన చిల్లర పనులు, అంటే పందిరి గుడ్డలు, చాపల అంచులు, జెండాలు, సంచులు, ఈ బ్యానరు, టైలరక్క చూసుకుంటుంది.

టైలరక్క అడిగింది ఒక్కటే. తన భాషకూ ఒక చాప. ఇంట్లో ఆ భాష వినే దిక్కు లేదు. మొగుడికి ‘రా’, ‘తిను’, ‘పడుకో’ వచ్చు, సంసారానికి అవి సరిపోయాయి. కూతురికి అమ్మ ఫోన్లో మాట్లాడుతుంటే నవ్వొస్తుంది. ఫోన్లో అవతల ఉండే తల్లి కూడా పోయిన ఏడాది పోయింది.

“నువ్వు మన మనిషివక్కా!” అని మైకమ్మ అప్పుడు చాలా ప్రేమగా అంది. “చాపలు బయటివాళ్ళకి. నీకెందుకు?”

“పైగా మీ భాషవాళ్ళు ఊళ్ళో మీరొక్కరే కదా,” అన్నాడు కెమెరా. “గ్రూపు ఫొటో ఎలా వస్తుంది?”

ఆ చాప సంగతి అక్కడితో ముగిసింది.

“సరే, ఆదివారానికి మార్చెయ్యక్కా. ఒక్క అక్షరమేగా!” అంది మైకమ్మ ఇప్పుడు. ఒక్కటి విప్పి రెండు పట్టించాలి, వాటికి చోటివ్వడానికి ‘అందరి’ మొత్తం జరపాలి. టైలరక్క బ్లేడు తీసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

మైకమ్మ ఫోను మోగింది. వాకిట్లోకి వెళ్ళి మాట్లాడినా, ఆ గొంతుకు వాకిలి ఒక లెక్క కాదు.

“మా టైలరండీ! పాపం, వాళ్ళ భాషలో ‘మన’ అనే మాటకి వేరే మాటే లేదట! అవునండీ, భలేగా ఉంది కదూ? ఆదివారం నేను ఈ కథతోనే మొదలుపెడతాను. అందరూ కదిలిపోతారు.”

‘మా టైలరు.’ వ్యాకరణంలో ఎక్కడా తప్పు లేదు. ఎంతైనా పంతులమ్మ.

మైకమ్మ తిరిగొచ్చేసరికి ‘మా’ ఊడొచ్చి టైలరక్క ఒళ్ళో పడి ఉంది. బ్యానరు మీద దాని చోట సూది బెజ్జాలు మిగిలాయి.

“అదిగో, ఇప్పుడు దారిలో పడింది!” అంది మైకమ్మ.

టైలరక్క నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

“ఆదివారం ఒక చాప ఎక్కువ వేస్తున్నాను,” అంది. “దాని మీద నేను కూర్చుంటాను. పందిరి కట్టడానికి మీరిద్దరూ తెల్లారేసరికి వచ్చెయ్యండి.”