అయిదు మీటర్ల లోతులో మా బావగారు

సముద్రం అడుగుకు దిగడం గొప్ప కాదు. బరువు కట్టుకుంటే ఎవడైనా దిగుతాడు. పైకి రావడమే పని. లోతులో ఎక్కువసేపు ఉన్నవాడి ఒంట్లో పీల్చిన గాలి కరిగి పేరుకుంటుంది. అది నెమ్మదిగా బయటికి పోవాలంటే దారిలో ఆగాలి. ఆగకుండా వచ్చేస్తే నెత్తురులో బుడగలై, ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పాడు చేస్తుంది. ఈ ముక్క మా బావగారికి నేర్పింది నేనే.

ఆయన మా అక్క భర్త, ఊరు రేపల్లె. చిన్నప్పుడే పెనుమూడి దగ్గర కృష్ణను ఈదిన మనిషి. నేను తెనాలి నుంచి పోర్టుల వెంట, ఓడల అడుగున మునిగి చేసే పనికి తిరుగుతుంటే, "నన్నూ తీసుకెళ్లవయ్యా" అని వచ్చారు. ఆరేళ్లు కలిసి దిగాం. నీళ్లలో నేను గురువుని, గట్టు మీద ఆయన మా ఇంటి అల్లుడు. ఈ రెండింటికీ ఎప్పుడైనా పేచీ వస్తుందని నాకు తట్టలేదు.

ఆ రోజు బాపట్ల తీరం నుంచి రెండు గంటల దూరంలో, మునిగిపోయిన బోటు ఇంజనుకు గొలుసులు కట్టే పని. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి దిగాం. రెండోసారి పైకి వస్తుంటే నీటి లాగుడు పెరిగింది. అయిదు మీటర్ల దగ్గర పద్దెనిమిది నిమిషాలు ఆగమని, లోతూ సమయమూ లెక్కగట్టే చేతి కంప్యూటరు చూపించింది.

మేం పట్టుకుని పైకి వచ్చే తాడు పైన మా బోటుకు కట్టి ఉంది. అలకు బోటు లేస్తే తాడు లేస్తుంది, పట్టుకున్నవాడూ లేస్తాడు. అందుకే తాడును నేరుగా పట్టుకోకూడదు. బారెడు పట్టీ తాడుకు తగిలించి, దాని కొసన వదులుగా ఉండాలి. అప్పుడు కుదుపు మన దాకా రాదు. నేను అలాగే ఉన్నాను. బావగారి పట్టీ కింద ఇంజను దగ్గరే తెగిపోయింది. ఆయన రెండు చేతులతో తాడు బిగించి పట్టుకుని, ఉరవడికి అడ్డంగా పడి ఊగుతున్నారు. అలా పెనుగులాడేవాడు గాలి రెట్టింపు పీలుస్తాడు. నాకు తెలుసు.

గాలి ఎంత ఉందని సైగ చేశాను. ఆయన ఒక చెయ్యి తాడు మీంచి తీసి, అరచెయ్యి అడ్డంగా ఊపారు. చాలు, సరిపోతుంది అని. సిలిండరు గాలి చూపే మీటరు మాత్రం నా వైపు తిప్పలేదు.

మా ఇంట్లో భోజనానికి కూర్చున్నా ఆయన అంతే. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలంటారు. ఆ మాట మా అమ్మ ఒక్కనాడూ నమ్మలేదు. చెయ్యి తప్పించి మరీ వడ్డించేది. బావమరిది దగ్గర అడిగి పుచ్చుకోవడం ఆయన వల్ల కాదని నాకూ తెలుసు. ఇంకొకడైతే మీటరు లాక్కుని చూసి, నా సిలిండరుకున్న రెండో గాలి గొట్టం వాడి నోట్లో కుక్కి, పైకొచ్చాక నాలుగు తిట్టేవాణ్ని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆ ఒక్క మనిషి దగ్గరే మర్యాద అడ్డొచ్చింది.

ఇంకా పదకొండు నిమిషాలు ఉండగా ఆయన తాడు వదిలేశారు. నేను చెయ్యి చాపేలోపే పైకి వెళ్లిపోయారు. నా నిమిషాలు నేను పూర్తి చేశాను. పద్ధతి అదే.

బోటెక్కేసరికి ఆయన చెక్కకు ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"ఏంటి బావగారూ, అలా వచ్చేశారేంటండి?"

"గాలి అయిపోయింది లేవయ్యా. భుజం కాస్త లాగుతోంది, అంతే."

ఒడ్డు కనబడేసరికి నడుం కింద ఏమీ తెలియడం లేదన్నారు. బోటులో ఆక్సిజన్ సీసా లేదు. తెచ్చిపెట్టాలని ఆరేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. అలాంటివాళ్లను గాలి ఒత్తిడి పెంచిన గదిలో పెట్టి బుడగలు కరిగించే ఆస్పత్రి విశాఖపట్నంలో ఉంది. మేం బాపట్లలో ఉన్నాం.

ఏడాది దాటింది. కాళ్లు రాలేదు. రేపల్లె వెళ్లినప్పుడల్లా ఆయనే నన్ను ఓదారుస్తారు. "నువ్వడిగావు, నేను చాలన్నాను. నీదేముందయ్యా ఇందులో?" అంటారు. ఆ మాటకు నాకు ఏడుపు కంటే ముందు ఒళ్లు మండుతుంది.

అక్క మాత్రం ఇన్నాళ్లూ ఏమీ అడగలేదు. మొన్న పెరట్లో ఆయన దుప్పట్లు ఆరేస్తూ, నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఆ రోజు నువ్వు పైకొచ్చేసరికి, నీ సిలిండర్లో గాలి మిగిలిందా తమ్ముడూ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది.

"మిగిలిందక్కా."

"ఎంత?"

"ఆయనక్కూడా సరిపోయేంత."

అక్క తల ఊపింది. చేతిలో దుప్పటి తీగ మీద వేసి, ఆయన్ని పక్కకు తిప్పే వేళయిందని లోపలికి వెళ్లింది.