నిచ్చెన నిటారుగా నిలబడిన వైనం

ఆమె బాగా పొడుగరి. చిన్నప్పుడు బడిలో ఎవరో ‘నిచ్చెన’ అని పిలిచారు. ఆ పేరు బంకలా అంటుకుని, ఆమె ఇస్త్రీ చేసే లాండ్రీదాకా వెంట వచ్చింది. భర్త తాళాలు బాగుచేసేవాడు. మనిషి పొట్టి, మాట గట్టి. పక్కపక్కన నిలబడితే అతని తల ఆమె భుజం దగ్గరికి వచ్చేది.

పెళ్లినాడు ఫొటో తీసేవాడు, “అమ్మా, మీరు కొంచెం వంగితే జంట సరిపోతుంది” అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. పెళ్లికొడుకూ నవ్వాడు గానీ, అతని చెవులు ఎర్రబడటం ఆమె ఒక్కతే చూసింది. వంగింది. ఆ వంగడం ఫొటోతో ఆగలేదు. వీధిలో అతని పక్కన నడిచేటప్పుడు మెడ దించేది. నలుగురిలో భుజాలు లోపలికి ముడుచుకునేది. ఏళ్లు గడిచేసరికి అది ఆమె నడకే అయిపోయింది.

లాండ్రీ వెనకగదిలో ఇస్త్రీబల్ల కూడా ఆమె తొడల ఎత్తుకే ఉండేది. పొద్దుటినుంచి సాయంత్రందాకా దాని మీదికి ఒంగి దుప్పట్లు, చొక్కాలు నున్నగా చేసేది. ఒకరోజు తడి దుప్పట్ల మూట ఎత్తబోతే నడుం పట్టేసింది. కదిలితే ప్రాణం పోయేంత నొప్పి. భర్త దుకాణం మూసి పరుగున వచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడ వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ ఆమె చేసే పనేమిటో అడిగి తెలుసుకుని, గోడకి ఆనుకుని నిలబడమంది. మడమలు ఆనాయి, వీపు ఆనింది. తల మాత్రం గోడకి దూరంగా ముందుకే ఉండిపోయింది.

“ఎముకల్లో దోషమేం లేదమ్మా. బల్ల ఎత్తు పెంచించుకోండి, బరువెత్తేటప్పుడు మోకాళ్లు వంచండి, నడుం కాదు. కానీ బల్ల దగ్గర లేనప్పుడు కూడా ఎందుకలా ముడుచుకుంటున్నారు?”

ఆమె మూల కుర్చీలో కూర్చున్న భర్త వైపు ఒక్కసారి చూసి, కళ్లు దించుకుంది. ఆ చూపు అతనికి గుచ్చుకుంది.

ఇంటికి వచ్చాక మంచం మీద పడుకోబెట్టి, వేడినీళ్ల సంచి నడుం కింద సర్ది, అప్పుడడిగాడు.

“నా కోసమా?”

“మీకు నామోషీగా ఉంటుందేమోనని…”

“పిచ్చిదానా!” అతను మంచం అంచున కూర్చున్నాడు. “నిన్ను మొదటిసారి బస్సులో చూశాను, గుర్తుందా? నేను మునివేళ్ల మీద లేచినా అందని కమ్మీని నువ్వు పట్టుకుని నిలబడ్డావు. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా అందరూ తూలారు, నువ్వు తూలలేదు. ఈ పిల్ల పక్కనుంటే నేను పడిపోను అనుకున్నాను. నేను చేసుకున్నది ఆ పిల్లని. పని వల్ల వంగిపోతున్నావనుకున్నానే గానీ…”

“మరి ఆ రోజు మీ చెవులు?”

“అవి కోపంతో ఎర్రబడ్డాయే. పెళ్లికొడుకు ఫొటోలవాణ్ణి కొడితే బాగుండదని ఊరుకున్నా.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే ఆమెకి నడుం కలుక్కుమంది. నవ్వుతూనే ఏడ్చింది.

ఆమె మళ్లీ పనిలో చేరేరోజున అతను చెక్కదిమ్మలు సంచిలో వేసుకుని లాండ్రీకి వెంట వెళ్లాడు. యజమానురాలిని అడిగి, బల్లకాళ్ల కింద వాటిని బిగించాడు. కాలు మార్చి మార్చి పెట్టుకోవడానికి ఒక చిన్న పీట కూడా చేసిచ్చాడు. ఇంట్లో అద్దం మేకు పైకి జరిపాడు; ఇన్నేళ్లూ ఆమె మోకాళ్లు వంచి తల దువ్వుకుంటోందని అతను అప్పుడే గమనించాడు.

కష్టమైంది మాత్రం అలవాటు మార్చుకోవడమే. ఉదయం గోడకి ఆనుకుని నిలబడితే మెడ వెనక లాగేది. అత్తగారు కాఫీగ్లాసు పట్టుకుని వచ్చి, “ఏం తప్పు చేశావని నిలబెట్టారే నిన్ను, బళ్లో పిల్లలాగా!” అని నవ్వేది. తర్వాత తనే దగ్గరికొచ్చి, కోడలి భుజాలు రెండు చేతులతో మెల్లగా వెనక్కి సర్దేది. “ఇదిగో, ఇలాగ. ఇంత మంచి మనిషివి, దాక్కోవడమెందుకు?”

నొప్పి పూర్తిగా పోలేదు. పని ఎక్కువైన రోజున నడుం గుర్తుచేస్తూనే ఉంటుంది. అయినా సాయంత్రానికి ఊపిరి నిండుగా ఆడుతోందని ఆమెకే ఆశ్చర్యం.

ఒక సెలవురోజున ఇద్దరూ బజారుకి బయల్దేరారు. మంగలి దుకాణం ముందు జనం కనిపించగానే ఆమె మెడ దానంతటదే వాలబోయింది.

“పైకి,” అన్నాడు అతను మెల్లగా, ముందుకే చూస్తూ.

ఆమె తల ఎత్తింది. మంగలి కత్తెర ఆపి, “ఏం బావా, మీ ఆవిడ ఇంకా ఎదుగుతోందేంటి?” అని కేకేశాడు.

“మరి మా ఇంటి పెంపకం అలాంటిది!” అని అతను అంతకంటే గట్టిగా అరిచాడు.

దుకాణమంతా నవ్వింది. ఆమె కూడా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పైకెత్తిన తల పైకెత్తినట్టే ఉంచి నవ్వింది. ఆపైన అతని అడుగుకి సరిపోయేలా తన అడుగు చిన్నది చేసుకుని, కూరగాయల బండి దాకా మాట్లాడుకుంటూ నడిచింది.