శనివారం తూర్పు దండయాత్ర

రాజమండ్రిలో ఆటో దిగుతూ జారిపడి కాలికి సిమెంటు కట్టు వేయించుకున్నాక, నాకు కాలేజీలో పాఠాలు చెప్పడం తప్పింది, ఇంట్లో మావారి ల్యాప్‌టాప్ దొరికింది. అందులో ఒక ఆట ఉంది. ఎక్కడో ఒక ఎర్రటి గ్రహం. దానికి పడమట మన కాలనీ, తూర్పున శత్రువు రాజధాని. శత్రువంటే మనిషి కాదు, కంప్యూటరే. కానీ మహా గడుసుది. మనం ఎలా ఆడతామో చూసి నేర్చుకుంటుంది. నిన్న పనికొచ్చిన ఎత్తు ఇవాళ వేస్తే, ఆ దారిలో ముందే వచ్చి కూర్చుంటుంది దొంగముఖంది!

పై లెవెల్లో దాన్ని మావారు ఎప్పుడూ గెలవలేదు. నేను మొదలుపెట్టగానే, "నీ వల్ల కాదులే, ఊరికే బీపీ పెంచుకోకు," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కట్టు విప్పేలోగా నేను గెలిస్తే ఇక రోజూ పొద్దున్న కాఫీ మీరే పెట్టాలి అన్నాను. నేను ఓడిపోవడం ఖాయమనుకున్నారేమో, నవ్వుతూ సరేనన్నారు. పెళ్ళయ్యాక ఆయన చేతి కాఫీ తాగిన పాపాన పోలేదు నేను. నా కాలికి కట్టు పడ్డాక కూడా ఆ పని మా అత్తగారి మీదే పడింది గానీ, ఆయన గిన్నె ముట్టుకోలేదు. అందుకే ఆ కాఫీ నాకు నిజంగా కావాలి.

ఓడిపోయాను. మళ్ళీ ఓడిపోయాను. మాటలోనైనా ఆటలోనైనా నాకు చుట్టుతిరుగుడు చేతకాదు. ఎగిరే నౌకలన్నీ కూడగట్టుకుని సూటిగా తూర్పుకి పోతాను. ఆ సంగతి శత్రువు కనిపెట్టేసి, ఫిరంగులన్నీ మా వైపే తిప్పి పెట్టుకుంది.

సోమవారం కట్టు విప్పుతారనగా, శనివారం మధ్యాహ్నం ఆఖరి సైన్యాన్ని సిద్ధం చేశాను. మంచం పక్కన అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఆవిడది కోనసీమ. పంచాంగం చూడందే పక్క వీధికి కూడా బయల్దేరరు.

"ఎక్కడికమ్మా వీళ్ళంతా?" అని అడిగారు.

"తూర్పుకండి. శత్రువు మీదికి."

"అయ్యో, ఇవాళ శనివారం! తూర్పు శూల. అటు బయల్దేరకూడదు."

"అత్తయ్యగారూ, అది వేరే గ్రహమండీ!"

"గ్రహాల సంగతి నాకు చెప్తావేంటి అమ్మాయ్? ముందు పడమరకి నడిపించు."

కోపం నషాళానికంటింది. ఎలాగూ ఓడేదే కదా, ఆవిడ మాటైనా దక్కనీ అనుకుని సైన్యాన్నంతా విసురుగా పడమరకి తోలాను. నౌకలు పోయాయి, పోయాయి, మ్యాపు అంచు దాటి మాయమయ్యాయి. మరుక్షణం అవతలి అంచులోంచి బయటికొచ్చాయి. గ్రహం గుండ్రంగా ఉంటుందన్న సంగతి ఇన్నాళ్ళూ నా మట్టిబుర్రకి తట్టనే లేదు! ఎదురుగా శత్రువు రాజధాని వీపు. అక్కడ ఒక్క ఫిరంగి లేదు. అది నేర్చుకున్నదంతా నా సూటి దారి గురించే. అది ఇటు తిరిగేలోపు కోట కూలిపోయింది.

"గెలిచామండీ!" అని నేను పెట్టిన కేకకి మావారు ముందుగదిలోంచి పరుగెత్తుకొచ్చారు. తెర చూసి ముఖం మాడ్చుకున్నారు. పడమరకి వెళ్ళమన్నది ఎవరో తెలియగానే మళ్ళీ వెలిగిపోయారు.

"అయితే ఇది నీ ఆట కాదు, అమ్మ ఆట. పందెం లేదు, గిందెం లేదు."

"ఏం పందెంరా?" అన్నారు అత్తగారు.

ఆయన చెప్పేశారు. కొడుకు మంచినీళ్ళు ముంచుకున్నా ఊరుకోని మనిషి ఆవిడ. ఇక నా కాఫీ గోదాట్లో కలిసినట్టే అనుకున్నాను. ఆవిడ ఒళ్ళో పడ్డ ఈనెలు దులుపుకుని కొడుకు వైపు చూశారు.

"ఆట ఎవరిదో ఇప్పుడు అడుగుతున్నావా? ఇన్నేళ్ళూ పొద్దున్నే కాఫీ తాగావు, అది ఎవరు పెట్టారో ఒక్కనాడైనా అడిగావట్రా? రేపట్నించీ నాక్కూడా పెట్టు. పంచదార తక్కువెయ్యి."