రేవు పద్యం

మా అమ్మకు ఆ పద్యం రాగం మొత్తం వచ్చు. మాటలు మాత్రం ఒక్కటీ రావు.

ఇందులో అమ్మ తప్పేమీ లేదు. మా ఊరు నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లె. నాటకాలు ఆడేది కాలవ అవతలి ఊళ్ళో. మా ఇంట్లో ఆడవాళ్ళు నాటకాలకు వెళ్ళకూడదు. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళందరూ చాపలు చంకన పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. మా నాయనమ్మ మాత్రం మా అమ్మను గడప దాటనిచ్చేది కాదు. నాయనమ్మ పోయాక ఆ మాట ఎత్తే మనిషే లేదు గానీ, అప్పటికి వెళ్ళకపోవడం అమ్మకు అలవాటైపోయింది, తీసుకెళ్ళకపోవడం నాన్నకు అలవాటైపోయింది.

నాన్న పొద్దుండగానే అన్నం తినేసి, ఉతికిన పంచె కట్టుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. మేమిద్దరం వాకిట్లో మంచాల మీద పడుకుని మైకు వినేవాళ్ళం. గాలి ఇటు తిరిగితే హార్మోనియం వినపడేది. అటు తిరిగితే కప్పలు వినపడేవి. రాగం ఎంత దూరమైనా వస్తుంది గానీ మాటలు కాలవ దాటవు. కాబట్టి నా చిన్నప్పుడు నాకు తెలిసిన నాటకాలన్నీ 'ఆ ఆ ఆ' అనే ఒక్క అక్షరంతోనే నడిచాయి.

వాటిలో ఒకదాన్ని మా ఇంట్లో రేవు నాటకం అనేవాళ్ళు. అసలు పేరు వేరే ఉంది. చివరి సీనులో రాణి రాజును వదిలి పడవ ఎక్కబోతూ ఒక పద్యం పాడుతుంది. ఆ పద్యం దగ్గర జనం ఊరుకునేవాళ్ళు కాదు. పద్య నాటకం చూడనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అని అరుస్తారు. అరిస్తే పాడినవాళ్ళు కథను అక్కడికక్కడ ఆపి మళ్ళీ పాడాల్సిందే. చచ్చిపోయిన పాత్ర అయినా సరే, లేచి కూర్చుని పాడి మళ్ళీ చచ్చిపోవాలి. మా నాన్నది పెద్ద గొంతు. రేవు పద్యం అవగానే ఆయన అరుపు కాలవ దాటి మా మంచాల దాకా వచ్చేది.

"అదుగో మీ నాన్న," అనేది అమ్మ. ఆయన పుణ్యమా అని ఆ రాగం రెండోసారి వినేది.

తెల్లారి నాన్న వచ్చాక అడిగేది. "రాణి ఏమంటదండీ ఆ పద్యంలో?"

"ఏదో అంటదిలే. రాగం అంత బాగుంటే మాటలెవడు చూస్తాడే!" అనేవాడు నాన్న. అక్కడికీ పట్టుపడితే ఒక ముక్క ఎత్తుకుని, రెండో మాట దగ్గరే రాగంలోకి జారుకునేవాడు. అంత డబ్బా గొంతు పెట్టుకుని ఒక్క మాట గుర్తుపెట్టుకు రాని మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే.

అమ్మ మాత్రం ఆ రాగాన్ని వదల్లేదు. చేట పట్టుకుని బియ్యం చెరిగేటప్పుడు, బావి దగ్గర బట్టలు జాడించేటప్పుడు అదే తీసేది. మాటలుండాల్సిన చోట నోరు మూసుకుని 'ఊ' అని లాగేది.

నాన్న పోయాక అమ్మ బాపట్లలో నా దగ్గరికి వచ్చేసింది. నాకక్కడ ఒక ఫ్యాన్సీ షాపు ఉంది. గాజులు, మ్యాచింగులు అమ్ముతాను. అమ్మ గల్లా దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పేది. కొన్నాళ్ళకు ఎర్ర గాజులడిగితే ఎర్ర రిబ్బన్లు తీయడం మొదలుపెట్టింది. గుంటూరు తీసుకెళ్ళి చూపిస్తే, నరం ఎండిపోతోంది, వినికిడి తగ్గుతూనే ఉంటుంది, ఆపలేము అన్నారు డాక్టరుగారు. ఎడమ చెవి అప్పటికే పోయింది. కుడిచెవికి మిషను ఇచ్చారు.

తిరుగు బస్సులో అమ్మ పొన్నూరు దాటాక అంది.

"ఇది కూడా పోయేలోపు ఆ పద్యం ఒక్కసారి వినాలే. ఎదురుగా కూర్చుని. మాటలతో."

అమ్మ నన్ను నోరు తెరిచి అడిగింది నాకు తెలిసి అదొక్కటే. ఫోనులో వెతికాను. పేరున్న నాటకాలన్నీ ఉన్నాయి, ఇది లేదు. ఎవరో పల్లెటూరి మేష్టారు రాసుకున్నదట, అచ్చు కూడా కాలేదట. ఒక్క నాటక సమాజం వాళ్ళే ఊరూరా తిరిగి ఆడుతున్నారని తెలిసింది గానీ, వాళ్ళెక్కడుంటారో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చివరికి సరుకు కోసం తెనాలి వెళ్ళినప్పుడు స్టేషను బయట గోడ మీద ఆ నాటకం పోస్టరు కనపడింది. అక్కడే నిలబడి ఫోను చేశాను.

"రేవు పద్యం ఉంటుందాండీ?" అని అడిగాను.

"భలేవారే! రేవు సీను లేకుండా ఆ నాటకం ఏంటండి?" అన్నాడు ఫోనెత్తినాయన.

నాటకానికి ఇంకా వారం ఉంది. ఆ వారమంతా మా ఇంట్లో టీవీ బందు. మిక్సీ బందు. అమ్మ తన చెవికి రెస్టు ఇస్తోంది. వాడితే అరిగిపోయేదల్లే దాన్ని దాచిపెట్టుకుంది. నేను కాస్త గట్టిగా పిలిస్తే, "నా చెవి నువ్వే ఖర్చు పెట్టేట్టున్నావే," అని కసిరింది. రోటి పచ్చళ్ళు తిని, నోళ్ళు మూసుకుని ఆ వారం గడిపాం.

సాయంత్రం నాటకం కదా అని మధ్యాహ్నమే రైలెక్కాం. తెనాలిలో హాలు సగం పైనే నిండింది. ముందు వరసల్లో భుజాన తువ్వాళ్ళతో పెద్దవాళ్ళు. అమ్మ వాళ్ళను తప్పించుకుంటూ వెళ్ళి, కుడిచెవి స్టేజీ వైపు ఉండేట్టు ఓ మూల కుర్చీ పట్టింది. తెర లేచింది. రాజు వచ్చి మొదటి పద్యం ఎత్తుకున్నాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గాలి అడ్డం రావట్లేదే!" అంది.

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఒక మనిషి ఇంత చిన్న కోరికకు ఇంతకాలం ఎందుకు ఆగాల్సి వచ్చిందో నాకు అర్థం కాలేదు. మైలు దూరం కూడా కాదు, మధ్యలో ఒక్క కాలవ!

తెనాలి జనం సంగతి తెలిసిందే. పద్యం అంటే ప్రాణం పెడతారు. మొదటి పద్యానికే ముందు వరస నుంచి వన్స్ మోర్ పడింది. రాజు నవ్వి మళ్ళీ పాడాడు. మంత్రి పద్యానికీ పడింది. మూడో పద్యం అయ్యేసరికి నా పక్కనుంచే ఒక అరుపు లేచింది.

"వన్స్ మోర్!"

మా అమ్మ. గొంతు చీలిపోయింది గానీ అరుపు మాత్రం హాలంతా వినపడింది. తువ్వాళ్ళన్నీ ఇటు తిరిగాయి.

"మామ్మగారూ, మీరు పాతకాపులాగున్నారే!" అన్నాడు వెనకాయన.

"మా ఇంటాయన నేర్పాడండి," అంది అమ్మ. ఆమె మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. అక్కణ్ణుంచి ఒక్క పద్యాన్ని వదిలితే ఒట్టు. వెనకాయనా, అమ్మా పోటీలు పడ్డారు. విదూషకుడి పద్యానికి కూడా వన్స్ మోర్ అన్నారు, వాడే ఆశ్చర్యపోయాడు.

నాకు మొదటినుంచీ టైము పిచ్చి. హాలు అప్పగించాల్సిన వేళ గేటు దగ్గరే రాసి ఉండటం చూశాను. కథ చూస్తే సగంలో ఉంది.

"అమ్మా, ఇట్టా ప్రతిదానికీ అరిస్తే చివర్లో టైము చాలదు," అన్నాను మంచి చెవిలో.

"ఊరుకోవే," అంది. అప్పుడే ఇంకో పద్యం అయింది. అరిచింది.

నేననుకున్నంతా అయింది. యుద్ధం సీను అవగానే తెర వేశారు. స్టేజీ పక్కన ఇద్దరు మనుషులు అట్టపడవను మోసుకొచ్చి నిలబెట్టడం నాకు కనపడుతూనే ఉంది. ఇంతలో నిర్వాహకుడు మైకు పట్టుకుని ముందుకొచ్చాడు. మీ అభిమానానికి మా సమాజం తరఫున పాదాభివందనాలు, సమయాభావం వల్ల ఆఖరి రంగాన్ని ప్రదర్శించలేకపోతున్నందుకు మన్నించాలి, అన్నాడు. రాణి రేవు సీను చీరలోనే వచ్చి, అందరితోపాటు దణ్ణం పెట్టింది. మంగళం పాడేశారు. అట్టపడవను వచ్చినదారినే తీసుకుపోయారు.

అమ్మకు మైకులో మాటలు అందలేదు. "రేవు సీను ఏదే?" అంది.

చెప్పాను.

"లోపలికెళ్ళి ఆవిణ్ణి అడగనా అమ్మా? ఒక్క పద్యమేగా," అన్నాను.

"వద్దు. లైటు కింద నిలబడి పాడితే వినాలిగానీ, వ్యాను ఎక్కేదాన్ని ఆపి వింటామటే?" అని లేచి నిలబడింది.

స్టేషన్లో నాకు ఉక్రోషం ఆగలేదు. "నువ్వే చేసుకున్నావు. చెబుతూనే ఉన్నా. ఆ అరుపులు అరవకపోతే ఈపాటికి వినేసేదానివి," అని అరిచాను. అరవకపోతే ఆమెకు వినపడదు కాబట్టి ప్లాట్‌ఫారమంతా విన్నది.

అమ్మకు కోపం రాలేదు. "పద్యం పోయిందని నాకు మాత్రం బాధ లేదటే? కానీ మీ నాన్న అరుస్తుంటే మంచం మీద పడుకుని నోరు మూసుకున్నదాన్ని. ఒకసారి నోరు తెరిచాక ఎట్టా ఆపుకునేది?" అంది. రైలు వచ్చేదాకా ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత ఆ సమాజం వాళ్ళకు ఎన్నిసార్లు ఫోను చేశానో. ఈ ఏడు చందాలు రాలేదనేవాళ్ళు. హార్మోనియం ఆయనకు ఒంట్లో బాగోలేదనేవాళ్ళు. అమ్మ మాత్రం నేను ఫోను పెట్టేసినప్పుడల్లా నా మొహం వంక చూసేది. చూస్తూ చూస్తూ ఉండగానే కుక్కరు కూత వినపడటం మానేసింది. తర్వాత షాపులో మాటలు. తర్వాత నా గొంతు. మిషను పెట్టినా గుయ్యిమంటోందని తీసి డబ్బాలో పెట్టేసింది.

రేపల్లెలో నాటకం ఉందని కబురొచ్చింది ఆ తర్వాతే.

ఇద్దరికీ సీట్లు చెప్పనా అని సైగ చేశాను. "నేనొచ్చి ఏం చెయ్యను? బొమ్మలాట చూసినట్టు చూడమంటావా? నువ్వెళ్ళు. మాటలు పట్టుకురా," అంది. రేపల్లె బజార్లో వంకాయలు పట్టుకురమ్మన్నంత మామూలుగా అంది.

బస్సు పిట్టలవానిపాలెం దాటేదాకా నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్నామె ఏమైందమ్మా అని అడిగితే, నాటకానికి వెళ్తున్నానని చెప్పాను. ఆమె ఇంకేమీ అడగలేదు.

స్కూలు గ్రౌండులో స్టేజీ వేశారు. జనం పలచగా ఉన్నారు. ఫోను రికార్డింగులో పెట్టుకుని ముందు కూర్చున్నాను. ఒక్కరూ వన్స్ మోర్ అనకపోవడంతో కథ చకచకా నడిచి రేవు దాకా వచ్చేసింది. అట్టపడవ పక్కన నిలబడి రాణి రాగం తీసింది. అది బియ్యం చెరిగేటప్పటి మా అమ్మ రాగం. ఒక్క మెలిక కూడా తేడా లేదు. నాకు ఒళ్ళు వశం తప్పింది. తేరుకునేసరికి పద్యం అయిపోయింది. మాటలు ఒక్కటీ పట్టుకోలేదు. మా నాన్న కూతుర్నే మరి.

ఫోనులో పడిందన్న ధ్యాస కూడా లేకుండా లేచి నిలబడి అరిచాను. జనం విచిత్రంగా చూశారు. రాణి మాత్రం నాకు నమస్కారం పెట్టి మళ్ళీ పాడింది. ఈసారి పట్టుకున్నాను.

రాత్రికి చుట్టాలింట్లో ఉండి, పొద్దున్నే ఇంటికొచ్చాను. అమ్మ స్నానం చేసి, కాఫీ కూడా తాగకుండా కుర్చీలో కూర్చుని ఉంది.

"తెచ్చావా?"

ముందు ఫోను పూర్తి సౌండు పెట్టి కుడిచెవికి ఆనించాను. తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఎదురుగా కూర్చుని, నా పెదాలు చూపిస్తూ ఒక్కో మాట చెప్పాను. నువ్వు గట్టు మీద నిలబడొద్దు, నిలబడితే నేను తిరిగి చూస్తాను, చూస్తే పడవ కదలదు, వెళ్ళిపో అంటుంది రాణి. అంతే పద్యం.

అమ్మ మాటలన్నీ తిరిగి అప్పజెప్పింది. "వెళ్ళిపొమ్మంటదా! నన్ను ఉండిపొమ్మను అంటదనుకున్నానే ఇన్నాళ్ళూ," అంది. "బాగున్నాయే మాటలు. రాగంలో ఎక్కడ పడతాయో చూద్దాం ఉండు."

గొంతు సవరించుకుని ఎత్తుకుంది. మొదటి మాట దగ్గరే శ్రుతి పోయింది. తన గొంతు తనకు వినపడని మనిషికి శ్రుతి ఎలా నిలుస్తుంది? అన్నేళ్ళు ఒక్క మెలిక తప్పని రాగం, మాటలు దొరికిన రోజున ముక్కలు ముక్కలుగా వచ్చింది. పద్యం పూర్తి చేసి నా మొహంలోకి చూసింది.

"సరిగ్గా వస్తందటే?"

వస్తోందని తల ఊపాను. అమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.