దొరసానికి చంద్రపూర్ చూపించడం

ఒక ఊరిని ఎవరికైనా చూపించాలంటే ముందు మనం ఆ ఊరిని చూసి ఉండాలి. ఇంత చిన్న విషయం నాకు ఇరవై ఏళ్లు వచ్చాక తెలిసింది. పోలండ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి చంద్రపూర్ కోట దర్వాజా కింద నిలబడి, ఇది ఎవరు కట్టించారని నన్ను అడిగింది. నేను పుట్టి పెరిగిన ఊరే. ఆ దర్వాజా గురించి నాకు తెలిసిందల్లా దాని కింద ఆటోలు ఇరుక్కుంటాయని, దానివల్ల ట్యూషన్‌కు ఆలస్యమవుతుందని. గోండు రాజు అన్నాను. ఏ రాజు అని అడిగింది. పెద్ద రాజు అన్నాను. పాపం, నోట్‌బుక్కులో రాసుకుంది.

మా ఇంజనీరింగ్ కాలేజీకీ, పోలండ్‌లోని ఒక కాలేజీకీ ఏదో ఒప్పందం కుదిరింది. ముందు వాళ్ల విద్యార్థి ఒకరు వచ్చి ఇక్కడ ఒక సెమిస్టర్ చదువుతారు. మరుసటి ఏడాది మాలో ఒకరు అక్కడికి వెళ్తారు. ఆ అమ్మాయి తోటివాళ్లంతా స్పెయిన్, ఇటలీ అంటూ వెళ్లారట. ఈమె మాత్రం జనవరి నుంచి మే దాకా గడపడానికి చంద్రపూర్‌ను ఎంచుకుంది. తెలిసి ఎంచుకుందో, మ్యాపు మీద వేలు జారిందో నాకు ఇప్పటికీ అనుమానమే. మే నెలలో మా ఊరికి కాకులు కూడా ఇష్టపడి రావు.

ఆమె వెంట ఉండి ఊరు చూపించడానికి కాలేజీ మాలో ఒకరిని జోడీగా పెట్టాలనుకుంది. వెళ్లేటప్పుడు ఆ జోడీ గురించి ఆమె ఒక ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం బాగుంటే పోలండ్ సీటు దాదాపు ఖాయం. ఆ సీటు కోసం నేను ఏ గడ్డి కరవడానికైనా సిద్ధంగా ఉన్నాను. కరిచాను కూడా. పోటీలో ఒక డాక్టరుగారి అబ్బాయి, ఒక కాంట్రాక్టరుగారి అమ్మాయి ఉన్నారు. ఫారంలో తండ్రి వృత్తి అని ఒక గడి ఉంది. నేను అక్కడ 'మైన్ ఆఫీసులో ఉద్యోగం' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. జోడీగా నన్నే ఎంపిక చేశారు.

మా బాపు ఆఫీసు ముఖం చూసేది సెలవు చీటీ ఇవ్వడానికి మాత్రమే. మా తాత కరీంనగర్ వైపు నుంచి ఇక్కడి మాజ్రి గనిలో బొగ్గు తవ్వడానికి వచ్చాడు. బాపు అదే బాటలో చంద్రపూర్ దగ్గరి గనిలో చేరాడు. మా వాళ్లు గనిని బాయి అంటారు. బాపు రోజూ ఆ బాయిలోకి దిగుతాడు. లోపల ఏం చేస్తాడో మాకు తెలియదు, ఎవరమూ అడగలేదు. ఇంటికొచ్చి స్నానం చేసేదాకా ఆయనతో మాట్లాడకూడదన్నది ఒక్కటే మాకు తెలిసిన నియమం.

ఫారం సంగతి నేనే బాపుతో చెప్పాను. ఆ దొరసాని ఆదివారాలు మన ఇంటికి తిండికి వస్తుంది, వచ్చినప్పుడు కాస్త ఆఫీసు మనిషిలా ఉండు అన్నాను. 'కాస్త' అన్న మాట వాడినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. బాపు సరే అన్నాడు. ఆ ఆదివారం ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసి, "పెండ్లినాడు సుత గింత తెల్లగ లేడు" అంది.

దొరసాని వచ్చింది. కాలనీ అంతా ఆమెను ఆ పేరుతోనే పిలిచేది, ఆమె కూడా పలికేది. జొన్నరొట్టె తింది, పచ్చిమిరపకాయ తొక్కు తిని ఏడ్చింది, మళ్లీ తింది. తింటూ తింటూ బాపు ముఖం వంక చూసి, మీ నాన్న కళ్లకు కాటుక పెట్టుకుంటారా అని నన్ను ఇంగ్లీషులో అడిగింది. బొగ్గు పొడి రెప్పల అంచుల్లో చేరితే ఏ సబ్బుకూ పోదు. బాయి పని చేసే ప్రతి మగవాడి కళ్లకూ ఆ నల్లగీత ఉంటుంది. నేను రెప్ప కూడా వాల్చకుండా, అవును, మా తెలుగు మగవాళ్ల ఆచారం అన్నాను. ఆమె అది కూడా రాసుకుంది. నా మాటలు నమ్మి పోలండ్‌లో ఎవరైనా తెలుగువాళ్ల మీద పరిశోధన చేస్తే దేవుడే వాళ్లను కాపాడాలి.

ఇక విహారయాత్రలు. ముందు తాడోబా. ప్రపంచమంతా మా ఊరికి వచ్చేది ఆ అడవిలో పులిని చూడ్డానికే. మేం పులిని రోజూ పేపర్లో చూస్తాం కాబట్టి అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు. తెల్లవారకముందే జీపెక్కాం. జింకలు కనిపించాయి, నెమళ్లు కనిపించాయి, ముందున్న పదిహేను జీపుల వెనకభాగాలు చాలా స్పష్టంగా కనిపించాయి. పులి మాత్రం దయ చూపలేదు. ఇసుకలో ఒక అడుగుజాడ ఉంటే గైడు దాన్ని దేవుడి పాదంలా చూపించాడు, అందరం వంగి ఫోటో తీసుకున్నాం. సాయంత్రం ఊరికి తిరిగొచ్చేసరికి, కరెంటు ప్లాంటు వెనక బాట మీద పులి తిరుగుతోంది, పిల్లలను బయటికి పంపకండి అని కాలనీ వాట్సాప్‌లో మెసేజి వచ్చి ఉంది. దొరసాని అది విని, మరి మనం అంత దూరం ఎందుకు వెళ్లామని అడిగింది. ఈసారి గోండు రాజు అని మాత్రం అనలేదు.

చైత్రమాసంలో మహాకాళి జాతరకు తీసుకెళ్లాను. జనం తోపులాటలో ఆమెకు దేవి కనిపించలేదు. కానీ కనీసం నలభై మంది ఆమెతో సెల్ఫీ దిగారు. ఆ రోజు దర్శనం ఎవరు ఎవరికి ఇచ్చారో తేల్చడం కష్టం. ఏప్రిల్ వచ్చేసరికి చూపించడానికి నా దగ్గర ఎండ తప్ప ఏమీ మిగల్లేదు. దాన్ని మాత్రం ధారాళంగా చూపించాను.

ఆమె అసలు చూడాలనుకున్నది వేరే. చదివేది భూగర్భశాస్త్రం. వచ్చిన మొదటి వారం నుంచే, మీ నాన్నగారు మైన్ ఆఫీసులోనే కదా, ఒకసారి గని చూపించమని అడగవా అంటూ వచ్చింది. నేను ఒక వారం అనుమతి రాలేదన్నాను, ఒక వారం ఆఫీసరు లీవులో ఉన్నాడన్నాను, ఇంకో వారం బాపుకు నడుం నొప్పి అన్నాను. ఆఫీసులో కూర్చునే మనిషికి నడుం నొప్పి నిజంగానే వస్తుంది కాబట్టి ఆ అబద్ధం నాకు బాగా నచ్చింది. గనికి తీసుకెళ్తే గేటు దగ్గర మొదటి కూలీయే బాపును పేరు పెట్టి పలకరిస్తాడు, నా పోలండ్ అక్కడే కూలిపోతుంది. ఆ భయంతో నాలుగు నెలలు గడిపాను.

ఆమె వెళ్లడానికి వారం ముందు, ఉత్తరం ఇంకా రాయకముందు, చివరి విహారం మిగిలింది. భద్రావతి దగ్గర కొండను తొలిచిన పాత బౌద్ధ గుహలున్నాయి. ఈసారి మీ నాన్నను కూడా రమ్మను అని దొరసాని పట్టుబట్టింది. ఆదివారం సెలవే కాబట్టి తప్పించడానికి కారణం దొరకలేదు. బాపు తెల్ల చొక్కా వేసుకున్నాడు, పెన్ను పెట్టుకున్నాడు, కోతులను అదిలించడానికి ఒక కర్ర పట్టుకున్నాడు.

గుహ ముందు చెప్పులు విడిచి నేను లోపలికి అడుగు పెట్టబోయాను. బాపు చేయి అడ్డంపెట్టి ఆపాడు. ఆయన గొంతు అలా ఉండటం నేను అంతకుముందు వినలేదు. "ఆగుండ్రి" అన్నాడు, అంతే. తనొక్కడే లోపలికి వెళ్లాడు. ఎడమ అరచేతిని పైకప్పుకు ఆనించి, కుడిచేత్తో కర్రను మెల్లగా కప్పుకు తాటించాడు. తల వంచి విన్నాడు. ఒక అడుగు ముందుకేశాడు, మళ్లీ అరచేయి, మళ్లీ కర్ర, మళ్లీ వినడం. అలా గుహ చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. వందల ఏళ్లుగా నిలబడ్డ రాయిని ఈయన పరీక్షిస్తున్నాడేమిటని నాకు నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఆఫీసులో గుమాస్తా పని చేసేవాళ్లు కప్పులను తట్టి వినరు కదా.

దొరసాని నవ్వలేదు. తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో నేరుగా బాపునే అడిగింది. "కాకా, మీరు బొగ్గు ఖదాన్‌లో కప్పు చూసే పని చేస్తారా?"

బాపు ఆమె వంక చూడలేదు, నా వంక చూశాడు. ఆ తర్వాత కర్రను గోడకు ఆనించి, చొక్కా సర్దుకుని, హిందీలో, "లేదు బేటీ, ఆఫీసు" అన్నాడు. అని నా వైపు తిరిగి, ఆమెకు అర్థం కాకుండా తెలుగులో మెల్లగా అడిగాడు.

"మంచిగ చెప్పిన్నా?"

నాకు అంత సిగ్గు జీవితంలో ఎప్పుడూ వేయలేదు. నాలుగు నెలలుగా నా తెలివికి నేనే చప్పట్లు కొట్టుకుంటూ వచ్చాను. ఆయన మాత్రం అన్ని ఆదివారాలూ, బిడ్డ అప్పజెప్పిన పాఠం తప్పు పోకుండా చెప్పాలని భయపడుతూ కూర్చున్నాడు.

నేను ఇంగ్లీషులో ఆమెకు నిజం చెప్పేశాను. ఆమెకు అది కొత్త సంగతి కాదట. వాళ్ల తాత కూడా బొగ్గు గనిలో ఇదే పని చేసేవాడట, కప్పును తట్టి, ఊడిపడే రాయి ఉందేమో చప్పుడును బట్టి చెప్పే పని. గనులు మూసేశాక కూడా కొత్త ఇంట్లోకి వెళ్తే ముందు కప్పు తట్టేవాడట. మా ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే, ఆ కళ్ల గీత చూసి, బాపు బాయిలోకి దిగే మనిషని ఆమెకు తెలిసిపోయింది. నేను ఎప్పుడు చెప్తానా అని చూస్తూ ఉందట. ఉత్తరం ఆమె మంచిదే రాసింది. కాలేజీలో ఫారం దిద్దడానికి వెళ్లింది నేనే. తప్పుడు వివరాలిచ్చినవాళ్లకు సీటు ఉండదన్నారు, న్యాయమే. కాంట్రాక్టరుగారి అమ్మాయి పోలండ్ వెళ్లింది. ఆమె పెట్టే ఫోటోల్లో మంచు చాలా బాగుంటుంది.

కానీ ఆ రోజు గుహ ముందు నాకు సీటు గుర్తులేదు. మేం ఇద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకోవడం అయిపోయేదాకా బాపు ఓపికగా నిలబడ్డాడు. ఏం చెప్పినవ్ అని అడిగాడు. నువ్వు బాయిల పని చేస్తవని చెప్పిన అన్నాను. ఆయన తల ఊపాడు. జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. తర్వాత దొరసాని వైపు తిరిగి నిలబడి, నాకు తెలుగులో చెప్పాడు.

"నేను సరే అన్నంకనే మంది లోపటికి పోతరు. నేను సరే అన్న కప్పు కింద ఇప్పటిదాంక ఒక్క మనిషి సుత సావలేదు. గది సుత చెప్పు."

ఆ సంగతి నేను కూడా అప్పుడే వింటున్నాను. ఇంగ్లీషులో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.