మ్యాగ్నెటో దొరకని ఆదివారాలు

నా భార్య కర్నూలు దవాఖానలో జ్వరంతో పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. సంతకాలు పెట్టాను, వ్యాను మాట్లాడాను, వచ్చినవాళ్లకు టీలు పోయించాను. "వీడేం మనిషిరా, రాయి" అన్నారు చుట్టాలు. అననీ, నాకేం? నిజంగానే లోపల ఏమీ లేదు.

దినాలు అయ్యాక, గద్వాలలో ఆమె నాన్న, మా మామ, తన పాత ఇంగ్లండ్ మోటార్‌సైకిల్‌ను కొట్టంలోంచి బయటికి తీశాడు. ఆయన తండ్రి కొన్నది. ఏళ్ల తరబడి దాని కింద కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

"అల్లుడా, ఐతారం జర రాండ్రి. ఈ ఫట్‌ఫటిని నడిపిద్దాం" అన్నాడు.

కాదనడానికి కూడా ఓపిక ఉండాలి కదా. వెళ్లాను. ఇక ప్రతి ఆదివారం వనపర్తిలో బస్సెక్కడం, ఆత్మకూరు మీదుగా గద్వాలలో దిగడం.

అదేం బండో గానీ అన్నీ ఉల్టా! గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నట్లన్నీ ఇంగ్లండు కొలతలు, మన పానాలు సరిగా పట్టవు. పట్టినట్టే పట్టి జారితే వేళ్లు చెక్కుకుపోయేవి. రక్తం వైపు చూస్తూ కూర్చునేవాణ్ని, దెబ్బ ఇంకెవరికో తగిలినట్టు. పిస్టన్ రింగులు హైదరాబాదు పాతసామాన్ల బజారులో దొరికాయి, క్లచ్ ప్లేట్లు రాయచూరులో. కొన్ని బోల్టులు వనపర్తిలో లేతు మీద చేయించాను. మామా నేనూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆమె పేరు ఇద్దరమూ ఎత్తలేదు. మధ్యాహ్నం అత్త పెట్టిన జొన్నరొట్టె తిని మళ్లీ బస్సెక్కేవాణ్ని.

మా అమ్మ ఊరుకుంటుందా? "పిల్లనే పాయె. ఇంక ఆ ఇంటితోని నీకేం పనిరా?" అంది. నాగర్‌కర్నూలులో ఒక సంబంధం కూడా చూసింది. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. అమ్మ అన్నది మామకు చెప్పేశాను. "బండి నడిచినంక ఇంక రాను మామా" అన్నాను, ఏదో బస్సు టైము చెప్పినట్టు. ఆయన తలూపాడు.

తర్వాతి వారానికి మ్యాగ్నెటో లేదు. బ్యాటరీ లేని ఆ బండికి నిప్పురవ్వ పుట్టించేది అదే. వైండింగ్‌కు కర్నూలు పంపిస్తే షాపువాడు పోగొట్టాడని మామ చెప్పాడు. ఆ షాపువాణ్ని నేను తిట్టని తిట్టు లేదు.

"పోనీయుండ్రి, యాడన్న దొర్కుతది" అన్నాడాయన, స్పోకులు తుడుస్తూ.

మరొకటి కోసం ఇద్దరం ఎక్కడెక్కడో తిరిగాం. పాత ఆయిలింజన్లు బాగుచేసేవాళ్లను అడిగాం, ఇనపసామాన్ల కొట్లు వెతికాం. ఎక్కడా లేదు. అట్లా ఎండాకాలం గడిచి వానలు పడ్డాయి.

ఒక ఆదివారం అత్త అటక మీది చింతపండు కుండ దించమంది. దాని వెనక పాత లుంగీలో చుట్టిన మూట చేతికి తగిలింది. బరువుగా ఉంది. విప్పి చూస్తే మ్యాగ్నెటో. శుభ్రంగా తుడిచి, నూనె రాసి ఉంది.

కింద నుంచి అత్త నన్నే చూస్తోంది. "బండి నడిస్తె మీరింక రారని ఆయన భయం" అంది మెల్లగా.

నిచ్చెన మీద అట్లాగే నిలబడిపోయాను. నా భార్య ఇక లేదన్న సంగతి నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది, నిచ్చెన పట్టుకోవాల్సి వచ్చింది.

మూట మళ్లీ చుట్టి ఉన్నచోటే పెట్టాను. కుండ అత్తకిచ్చి వాకిట్లోకి వచ్చాను. మామ బండి పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంక దొర్కదేమో అల్లుడా" అన్నాడు, నా మొహం చూడకుండా.

"దొర్కకుంటే ఏమాయె మామా. దొర్కినా వస్త, దొర్కకున్నా వస్త."

ఆయన చేతిలోని పానా కింద పెట్టాడు. ఇంటివైపు తిరిగి, వీధంతా వినబడేలా కేకేశాడు:

"ఏమే, వింటున్నవా? అల్లుడు వచ్చే ఐతారం గూడ వస్తడంట!"